ట్రైలర్ మీద బండి తీసుకెళ్తే దెబ్బలెందుకు తగులుతున్నాయి? (బెంగళూరు – చెన్నై)

వైట్‌ఫీల్డ్_195
చెన్నై నుంచి క్లాసిక్ 350 ట్రైలర్ మీద వచ్చింది. ఎక్కించేటప్పుడు ఒక్క గీత లేదు. దింపేసరికి ఎడమ ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టుకునే స్ప్రింగు గొట్టం) మీద ఆయిల్ కారిన మరక, ట్యాంకు పక్కన అరచేయంత మేర మెరుపు పోయి మసక. హ్యాండిల్ బార్ కిందికి తిరిగిపోయి క్లచ్ లివర్ నేలచూపులు చూస్తోంది. సైడ్ స్టాండ్ వేస్తే బండి మునుపటికన్నా ఎక్కువ వాలుతోంది. తెచ్చినవాళ్ళు "రోడ్డు అలాంటిది సార్" అని చేతులు దులుపుకున్నారు. వచ్చే నెల ఇదే బండి, దాంతోపాటు ఒక ఆర్‌ఎక్స్ 100, మళ్ళీ చెన్నై వెళ్ళాలి. ఈసారి బొలెరో వెనక అద్దె ట్రైలర్, కట్టేది మేమే. ఎక్కడ కట్టాలి, ఎక్కడ కట్టకూడదు?

ఫోర్క్ టీ
తప్పు రోడ్డుది కాదు, కట్టుది. మీ బండిని సైడ్ స్టాండ్ మీద నిలబెట్టి, హ్యాండిల్ రెండు కొసలకీ తాడు వేసి కిందికి లాగి, పైన కవర్ తొడిగి ఉంటారు. మీరు రాసిన నాలుగు గుర్తులూ అదే చెప్తున్నాయి.

సైడ్ స్టాండ్ బండి బరువు మొయ్యడానికి చేసింది. దాని మీద తాడు లాగుడు కూడా పడితే, ప్రతి గుంటకీ స్టాండ్ మూల దగ్గర పిన్నూ బ్రాకెట్టూ కాస్త కాస్త వంగుతాయి. ట్రైలర్ మీద స్టాండ్ ఎత్తెయ్యాలి. బండి రెండు చక్రాల మీద నిటారుగా, ముందు చక్రం చాక్‌లో, అంటే చక్రాన్ని పట్టుకునే చట్రంలో, ఇరుక్కుని ఉండాలి. సెంటర్ స్టాండ్ మాట కూడా ఎత్తొద్దు. దాని మీద వెనక చక్రం గాల్లో ఉంటుంది, గట్టి కుదుపుకి స్టాండ్ మడత పడితే బండి ముందుకి దూకుతుంది.

హ్యాండిల్ బార్‌ని పట్టుకునేది నాలుగు బోల్టుల బిగింపు మాత్రమే. కొసల దగ్గర లాగితే అది మీటలా పనిచేసి బిగింపులోనే తిరిగిపోతుంది. కట్టాల్సింది కింది ఫోర్క్ టీకి, అంటే రెండు ఫోర్క్ గొట్టాలనీ కలిపి పట్టుకునే కింది దిమ్మకి. అటు ఒకటి ఇటు ఒకటి మెత్తటి పట్టీ ఉచ్చు వేసి, ఆ ఉచ్చుకి రాట్చెట్ పట్టీ (మీట ఆడిస్తే బిగుసుకునే పట్టీ) కొక్కెం తగిలించాలి. ఇనప కొక్కెం నేరుగా బండికి తగలకూడదు. ఉచ్చు వేసేటప్పుడు బ్రేక్ గొట్టం, క్లచ్ వైరు, హెడ్‌లైట్ వైర్లు దాని కింద నలగకుండా వేలు పెట్టి తడిమి చూడండి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే.

తాడు చాలు
ఇంత హంగామా దేనికి? మార్కెట్లో రోజూ వందల బండ్లు ఛోటా హాథీ చిన్న ట్రక్కుల్లో నైలాన్ తాడుతో వెళ్తున్నాయి. లెగ్ గార్డుకి రెండు ముళ్ళు, వెనక క్యారియర్‌కి రెండు ముళ్ళు. అంతే కథ.

పెరంబూరు పిస్టన్
@తాడు చాలు: నైలాన్ సాగుతుంది, తడిస్తే ఇంకా సాగుతుంది. హోసూరులో బిగించిన తాడు వేలూరు వచ్చేసరికి ఉయ్యాల అవుతుంది. రాట్చెట్ పట్టీలు పాలియెస్టర్‌వి, వాటికి సాగుడు తక్కువ. పట్టీ మీద కుట్టిన చీటీ నీలం రంగులో ఉంటే పాలియెస్టర్ అని గుర్తు. దాని మీద డెకాన్యూటన్లలో ఉండే అంకె పనిచేసే బరువు. 1 డెకాన్యూటన్ అంటే దాదాపు ఒక కిలో లాగుడు అనుకోండి. తెగే బరువు వేరే అంకె, కొందరు దాన్నే పెద్దక్షరాల్లో వేసి అమ్ముతారు. దాన్ని చూసి మోసపోవద్దు.

లెగ్ గార్డు విషయానికొస్తే, అది పడ్డప్పుడు వంగడానికి పెట్టిన గొట్టం. క్లాంపుతో బిగించిన రకమైతే ఫ్రేమ్ మీద జారి రంగు గీరేస్తుంది.

తాడు చాలు
క్లాంపు రకానికి ఒప్పుకుంటా. ఫ్రేముకి బోల్ట్ చేసిన బుల్లెట్ గార్డు మాత్రం ఏనుగు లాగినా కదలదు.

ఫోర్క్ టీ
@తాడు చాలు: ఏనుగు నిలకడగా లాగుతుంది, ట్రైలర్ ఝాడించి లాగుతుంది. తేడా అక్కడే.

పెరంబూరు పిస్టన్
అసలు సంగతి ఫోర్క్‌ని ఎంత నొక్కి కట్టాలన్నది. నొక్కకుండా కట్టారనుకోండి. హంప్ మీద ట్రైలర్ ఎగిరి దిగగానే ఫోర్క్ అణుగుతుంది, ఆ క్షణం పట్టీ వదులవుతుంది, కొక్కెం ఊడిపోతుంది. పూర్తిగా నొక్కేస్తే స్ప్రింగుకి ఇంకా అణిగే చోటు ఉండదు, కుదుపంతా టీకీ, ఫోర్క్ ఆయిల్‌ని ఆపే రబ్బరు సీళ్ళకీ, ట్రైలర్ కొక్కేలకీ పోతుంది. మధ్యస్థంగా నొక్కితే స్ప్రింగే పట్టీని ఎప్పుడూ లాగి పట్టుకుంటుంది.

క్లాసిక్ 350 ముందు ఫోర్క్ ఆట 130 మి.మీ. బండి ఖాళీగా నిలబడితే తన బరువుకే కొంత అణిగి ఉంటుంది. అక్కడి నుంచి ఇంకో 30–40 మి.మీ. నొక్కితే చాలు. ఇరుసు నుంచి కింది టీ దాకా టేపుతో కొలిచి సుద్దముక్కతో ట్రైలర్ మీదే రాసుకోండి, ఆపిన ప్రతిచోటా అదే కొలత చూస్తే పట్టీ వదులైందో లేదో ఇట్టే తెలిసిపోతుంది. ఆర్‌ఎక్స్ లాగా గొట్టం బయటికి కనిపించే ఫోర్క్ అయితే ఒక జిప్ టై గొట్టానికి చుట్టి సీల్ దాకా దించండి. దారిలో ఫోర్క్ ఎంత లోపలికి వెళ్ళిందో ఆ టై పైకి జరిగి చూపిస్తుంది. ఫోర్క్ గొట్టానికి కవరో రబ్బరు బూటో ఉన్న బండ్లకి టేపే దిక్కు.

క్లచ్ వైర్
ఫోర్క్ నొక్కి కడితే సీల్ పోతుందని అందరూ అంటారు కదా. వీళ్ళ బండికి ఆయిల్ కారింది కూడా అందుకే అయ్యుండాలి. టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య చెక్క దిమ్మ పెట్టి బిగిస్తే ఫోర్క్ మీద భారమే ఉండదు. అదే మేలు.

పెరంబూరు పిస్టన్
@క్లచ్ వైర్: సగం నిజం. గట్టిగా బ్రేకు వేస్తే ఫోర్క్ అంతకన్నా ఎక్కువే అణుగుతుంది, రోజూ జరిగేదే, సీల్ దానికే చేసింది. సీల్‌ని చంపేది గొట్టానికి అంటుకున్న మట్టి. దుమ్ము పట్టిన గొట్టాన్ని నొక్కి కట్టేస్తే ఆ రేణువులు సీల్ పెదవి కింద చిక్కుకుంటాయి. ఆపైన 350 కిలోమీటర్లు సన్నగా ఊగుతూ అరగదీస్తాయి. ఎక్కించే ముందు గొట్టాన్ని తడిగుడ్డతో తుడిచి, ఆరాక కట్టండి. 195 గారి ఫోర్క్ కూడా వెంటనే విప్పక్కర్లేదు. డస్ట్ సీల్ పైకి జరిపి, పాత ఎక్స్‌రే ఫిల్మ్ ముక్కని ఆయిల్ సీల్ పెదవి కిందికి దూర్చి చుట్టూ తిప్పితే చాలాసార్లు మట్టి బయటికొచ్చి కారడం ఆగుతుంది. అప్పటికీ కారితే సీల్ మార్చాల్సిందే. ఆ ఆయిల్ బ్రేకు మీదికి దిగితే అసలు ప్రమాదం.

ఫోర్క్ టీ
చెక్క దిమ్మ మీద నాదో మాట. టీ కింద నేరుగా చోటు దొరికే డర్ట్ బైకులకి దిమ్మ బాగుంటుంది. రోడ్డు బండికి దిమ్మ మడ్‌గార్డుని పైకి తంతుంది, రేకు వంగిపోతుంది, ప్లాస్టిక్ అయితే పగులుతుంది. క్లాసిక్‌కి వద్దు.

క్లచ్ వైర్
మడ్‌గార్డు సంగతి ఆలోచించలేదు. ఒప్పుకున్నా.

జేసీ రోడ్ జంక్షన్
పట్టీ కోణం ఎవరూ చెప్పలేదు. ముందు నుంచి చూస్తే టీ నుంచి ట్రైలర్ అంచుకి దాదాపు 45 డిగ్రీల్లో దిగాలి. పక్కనుంచి చూస్తే కాస్త ముందుకి వాలాలి. 45 దగ్గర 100 కిలోల లాగుడులో 70 కిందికీ 70 పక్కకీ పోతుంది. మరీ నిట్టనిలువుగా కడితే పక్క ఊపు ఆగదు, మరీ పడుకోబెడితే కిందికి నొక్కదు. కొక్కేలు బండికి రెండు పక్కలా సమదూరంలో ఉండాలి. లేకపోతే ఒక పక్క బిగిస్తే రెండోది వదులు, అది బిగిస్తే ఇది వదులు, అలా తెల్లారిపోతుంది.

వెనక రెండు పట్టీల పని వేరు. బండిని కిందికి నొక్కడం వాటి పని కాదు, వెనక చక్రం పక్కకి గెంతకుండా ఆపాలి. ఫుట్‌రెస్ట్ బ్రాకెట్టో, వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగ్ ఆర్మో పట్టుకోండి. సైలెన్సర్‌కీ, ఇండికేటర్ కొమ్మకీ, డిస్కుకీ, చువ్వలకీ కట్టొద్దు. పైగా ఒక పొట్టి పట్టీ వెనక టైరు చుట్టూ వేసి ట్రైలర్ పట్టాలకి బిగిస్తే బంగారం.

లెక్క కావాలంటే: గట్టి బ్రేకుకి బరువులో 0.8 వంతు ముందుకి, మలుపుకి 0.5 వంతు పక్కకి వస్తుందనుకుని సరుకు కట్టడం రివాజు. 195 కిలోల బండికి ముందుకి 156, పక్కకి 98 కిలోలు. పట్టీ ఒక్కొక్కటీ 400 డెకాన్యూటన్లు పైన ఉండేట్టు కొనండి. కొక్కేనికి నాలుక ఉన్న రకం తీసుకోండి, ఒట్టి ఎస్ ఆకారం కొక్కెం వదులైతే ఊడుతుంది. అంచు తెగి నూలు లేచిన పట్టీని ముడేసి వాడకండి, పారేయండి.

ఆర్‌ఎక్స్ రంగడు
ఆర్‌ఎక్స్ 100 కి ముందు పెట్రోల్ కాక్ ఆఫ్. ఎక్కించాక కాదు, ఎక్కించే ముందే కాక్ మూసి, కార్బరేటర్ గిన్నె ఖాళీ అయ్యి దానంతటదే ఆగేదాకా ఇంజనుని తిరగనివ్వండి. ట్రైలర్ కుదుపుకి గిన్నెలో తేలే ఫ్లోట్ ఎగిరెగిరి పడుతుంది, అది నడిపే సూది పెట్రోల్ దారిని సరిగా మూయదు. కాక్ తెరిచి ఉంటే గిన్నె పొంగి పెట్రోల్ క్రాంక్‌కేసులోకి దిగుతుంది. చెన్నైలో కిక్ కొడితే ప్లగ్ తడిసి మొరాయిస్తుంది. ఫ్యూయల్ ఇంజెక్షన్ క్లాసిక్‌కి ఈ బెడద లేదు.

రెండింటిలోనూ ట్యాంకు సగం కన్నా తక్కువ ఉంచండి. నిండు ట్యాంకు ఎండకి మూత దగ్గర చెమర్చి రంగు మీదకి కారుతుంది. ఆర్‌ఎక్స్ పక్కనున్న టూ స్ట్రోక్ ఆయిల్ ట్యాంకు మూత కూడా చూసుకోండి, పాతబడితే వదులుగా ఉంటుంది.

వైట్‌ఫీల్డ్_195
గేరులో ఉంచాలా, న్యూట్రల్‌లోనా? హ్యాండిల్ లాక్ వేయాలా?

ఆర్‌ఎక్స్ రంగడు
న్యూట్రల్. గేరులో ఉంటే ప్రతి కుదుపూ చైను మీదుగా గేరు పళ్ళకి తగులుతుంది.

జేసీ రోడ్ జంక్షన్
ఫస్ట్ గేర్. పట్టీ తెగితే బండి వెనక్కి దొర్లకుండా ఆపేది అదొక్కటే.

ఫోర్క్ టీ
ఈ కొట్లాట ఏ గుంపులోనూ తేలలేదు, ఇక్కడా తేలదు. వెనక టైరుని పట్టీతో బిగిస్తే చక్రమే తిరగదు కాబట్టి రెండూ ఒకటే. నేనైతే ఎక్కించేటప్పుడు ఫస్ట్ గేర్, పట్టీలన్నీ బిగిశాక న్యూట్రల్.

హ్యాండిల్ లాక్ మాత్రం వెయ్యనే వెయ్యొద్దు. లాక్ వేస్తే ముందు చక్రం పక్కకి తిరిగి ఉంటుంది, చాక్‌లో కూర్చోదు, రెండు పట్టీల బిగువూ సమానం కాదు. కుదుపంతా ఆ చిటికెన వేలంత పిన్ను మీద పడుతుంది. తాళంచెవి తీసి జేబులో వేసుకోండి. గుత్తిగా వేలాడేస్తే 350 కిలోమీటర్లు అది గిలకలా మీటర్ చుట్టూ గీతలు గీస్తుంది.

పుదుప్పేట పాత సామాను
ఆ ట్యాంకు మసక సంగతి. బండి కవర్ దుమ్మునీ వాననీ ఆపుతుంది, నిజమే, కానీ నిలబడ్డ బండికి. కదిలే ట్రైలర్ మీద గాలికి కవర్ సెకనుకి నాలుగుసార్లు ట్యాంకుని తడుతుంది. మధ్యలో దుమ్ము. అంటే ఉప్పుకాగితంతో రుద్దినట్టే. గులాబీ రంగు ఫోమ్ షీట్ చుట్టి పైన క్లింగ్ ఫిల్మ్ బిగించినా, కింద ట్యాంకు కడిగి ఆరబెట్టకపోతే ఇదే కథ. బబుల్ రాప్ నేరుగా రంగు మీద వద్దు. చెన్నై ఉక్కకి లోపల చెమట పట్టి బుడగల గుర్తులు పడతాయి.

పద్ధతి ఇది. ముందురోజు బండి కడిగి ఆరబెట్టండి. పట్టీ తగిలే, రాసుకునే చోట్ల మాత్రం పెయింటర్లు వాడే మాస్కింగ్ టేపు, దాని మీద మైక్రోఫైబర్ గుడ్డ, కొసలు ఎగరకుండా ఇంకో టేపు. మిగతా బండిని గాలికి వదిలేయండి. గమ్యం చేరగానే టేపు పీకేయండి. రెండు రోజులు ఎండలో ఉంటే జిగురు రంగు మీదే ఉడుకుతుంది. ఇప్పుడున్న మసకకి రబ్బింగ్ కాంపౌండ్ మెల్లగా పట్టించి చూడండి, గోరుకి తగిలే గీత కాకపోతే పోతుంది. మ్యాట్ రంగు అయితే కాంపౌండ్ ముట్టుకోవద్దు, మెరిసే మచ్చ పడుతుంది.

క్లచ్ వైర్
ఊడే సామాను కూడా రాయండి. అద్దాలు తిప్పేస్తే చాలదు, విప్పి కారులో పెట్టాలి. వైజర్, సంచులు, మొబైల్ హోల్డర్ అన్నీ. జీపీఎస్ ట్రాకర్, అలారం ఉంటే ఆపాలి. లేకపోతే దారంతా బండి కూస్తుంది, దిగేసరికి బ్యాటరీ ఖాళీ.

జేసీ రోడ్ జంక్షన్
రాళ్ళు. బొలెరో వెనక టైర్లు లేపే కంకర అంతా వచ్చి తగిలేది బండి హెడ్‌లైటుకీ ఇంజను రెక్కలకీ. బొలెరోకి పొడుగు మడ్ ఫ్లాపులు వేయించండి. ట్రైలర్ ముందు అంచున 6 మి.మీ. ప్లైవుడ్ నిలబెట్టి బోల్ట్ చేయండి. ఫ్లెక్స్ బ్యానర్ కడితే అదీ కవర్‌లాగే కొట్టుకుంటుంది.

ఇక ట్రైలర్. అద్దెది కాబట్టి ముందు దాన్ని అనుమానించండి. చక్రాల బేరింగులు ఊగుతున్నాయా, బ్రేక్ లైటు, ఇండికేటర్లు బొలెరోతో కలిపి వెలుగుతున్నాయా, ట్రైలర్‌కి సొంత రిజిస్ట్రేషన్ ఉందా. ట్రైలర్‌ని బొలెరోకి కలిపే హిచ్ ఊడితే ఆపే గొలుసులు రెండూ ఆ హిచ్ కింద అడ్డంగా దాటి ఉండాలి. గాలి టైరు మీద రాసిన గరిష్ఠానికి కొట్టొద్దు, రెండు బండ్ల బరువుకి ఆ ట్రైలర్ రాయిలా గెంతుతుంది. టైరు కంపెనీ బరువుకి తగ్గట్టు ఇచ్చే పట్టిక చూసి పెట్టండి.

ముందుభారం ముఖ్యం. మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద పడాలి. ట్రైలర్ 180, క్లాసిక్ 195, ఆర్‌ఎక్స్ 100 చిల్లర అనుకుంటే మొత్తం 480 దాకా. హిచ్ దగ్గర 48–72 కిలోలు. ఇంట్లో బరువు చూసుకునే మిషన్ మీద హిచ్ ఆనించి చూడొచ్చు. తక్కువైతే 70 స్పీడు దాటగానే ట్రైలర్ తోక ఊపుతుంది. అప్పుడు బ్రేకు తొక్కితే ఇంకా ఊపుతుంది. యాక్సిలరేటర్ వదిలేసి స్టీరింగు కదపకుండా పట్టుకోవాలి.

తాడు చాలు
బండి ఎక్కించడం మాత్రం మా పద్ధతే మంచిది. నలుగురు మనుషులు, ఒక చెక్క పలక.

ఫోర్క్ టీ
@తాడు చాలు: దానికీ లెక్కుంది. ట్రైలర్ ఎత్తు 60 సెం.మీ. అనుకుందాం. 1.5 మీటర్ల పలక అయితే 195 కిలోల బండిని ఎక్కించడానికి 78 కిలోల తోపు కావాలి. 2.1 మీటర్లయితే 56. పొట్టి పలక కొసన ఇంజను కింది భాగం కూడా తగులుకుంటుంది. పలకని ట్రైలర్‌కి పట్టీతో కట్టాలి, లేదా వెనక చక్రం ఎక్కగానే పలక జారి బండి సగంలో కూర్చుంటుంది. ట్రైలర్ బొలెరోకి తగిలించాకే ఎక్కించండి. ఊరికే ఉంటే బండి వెనక అంచుకి రాగానే ముందు భాగం సీ-సా లాగా లేస్తుంది. నలుగురక్కర్లేదు, ఒకరు హ్యాండిలూ బ్రేకూ, ఒకరు వెనక తోయడం. మూడోవాడు పట్టీతో సిద్ధంగా ఉంటే నయం.

ఆంబూరు బ్రేక్
నాలుగోవాడు ఆంబూరులో బిర్యానీ ఆర్డర్ చెప్పడానికి.

పెరంబూరు పిస్టన్
ఆంబూరులో ఆగడం నిజంగానే పనికొస్తుంది. మొదటి తనిఖీ మాత్రం అక్కడిదాకా ఆపొద్దు. కొత్త కట్టు మొదటి 15–20 కిలోమీటర్లలోనే సర్దుకుని వదులవుతుంది. అత్తిబెలె టోల్ దాటాక పక్కకి ఆపి నాలుగు పట్టీలూ, టేపు కొలతా చూడండి. ఆ తర్వాత కృష్ణగిరి, ఆంబూరు, వేలూరు దాటాక ఒకసారి. ఆగినప్పుడల్లా ట్రైలర్ చక్రం మధ్యభాగాన్ని చేత్తో తాకండి. గోరువెచ్చగా ఉంటే మామూలే. చెయ్యి పెట్టలేనంత వేడెక్కితే బేరింగు ఎండిపోయినట్టే, అక్కడే ఆపేయండి.

పాలసీ పాపారావు
ఒక కాగితం ముక్క. బండికి సొంత నష్టం కవర్ ఉన్న ప్యాకేజీ పాలసీ ఉంటే రోడ్డు, రైలు, లిఫ్టు మీద రవాణాలో జరిగిన నష్టం దాని కిందికే వస్తుంది. ఒట్టి థర్డ్ పార్టీకి రాదు. ప్లాస్టిక్, రబ్బరు భాగాలకి మామూలు పాలసీలో 50 శాతం తరుగు కోస్తారు. ఎక్కించే ముందు నాలుగు పక్కలా, ఓడోమీటరుతో సహా ఫోటోలు తీసుకోండి.

వైట్‌ఫీల్డ్_195
నిన్న పార్కింగులో కట్టి చూశాం. ఇరుసు నుంచి టీ దాకా ముందు 512 మి.మీ., బిగించాక 477. రాత్రంతా వదిలేసి పొద్దున చూస్తే 483. బండి కదలనే లేదు, ఆరు మి.మీ. ఎక్కడికి పోయింది?

జేసీ రోడ్ జంక్షన్
మెత్తటి ఉచ్చు టీ మీద సర్దుకుని ఉంటుంది. రాట్చెట్ ఇరుసు మీద పట్టీ కనీసం రెండు చుట్లయినా పడిందా? ఒక్క చుట్టే ఉంటే మెల్లగా జారుతుంది. ముందు పట్టీని చేత్తో బాగా లాగి, ఆ తర్వాతే మీట ఆడించండి. మరీ చుట్టేసినా మీట మూసుకోదు, రెండు మూడు చుట్లు చాలు.

వైట్‌ఫీల్డ్_195
ఎడమ పక్క ఒక్క చుట్టే ఉంది. సరిచేశాక 476, సాయంత్రానికీ 476.

పుదుప్పేట పాత సామాను
మిగిలిన పట్టీ తోక వదిలేయకండి, గాలికి కొరడాలా ట్యాంకుని కొడుతుంది. చుట్టి టేపు వేయండి. బిగించిన పట్టీలో కూడా ఒక్క మెలిక ఉండనివ్వండి, చదునుగా ఉంటే గాలికి బుర్రుమని కొట్టుకుని అరుగుతుంది.

ఆర్‌ఎక్స్ రంగడు
వాన ఉంటే సైలెన్సర్ మూతికి గుడ్డ కుక్కండి. చెన్నైలో ఆ గుడ్డ మర్చిపోయి కిక్ మీద కిక్ కొట్టకుండా దానికి ఎర్ర రిబ్బన్ కట్టి బయటికి వేలాడేయండి.

ఆంబూరు బ్రేక్
రిబ్బన్ రెండో కొస తాళంచెవికి కట్టండి. బిర్యానీ తిన్నాక ఏదీ గుర్తుండదు.